నోట్ల దీపం కింద చెరువు నీళ్ళు

(బరంపురంలో మన ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పావుగంట సైన్సు గురించి మాట్లాడమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, ఇంకెవరికో చేయబోయి నాకు చేశారేమో అనుకున్నాను. నేను బి.కాం. చదివి, ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పని చేసి రిటైరైనవాణ్ణి. చింతపండుతో తోమితే ఇత్తడి చెంబు మెరుస్తుంది అన్నంత వరకే నాకు తెలిసిన రసాయన శాస్త్రం. అయినా ఒప్పుకున్నాను. ఈ విషయంలో నా వల్ల ఒక పొరబాటు జరిగింది. దాన్ని నలుగురిలో చెప్పుకోవడం న్యాయమనిపించింది.

దరఖాస్తులు పరిశీలించే కమిటీలో నేను మూడేళ్ళుగా ఉన్నాను. పోయిన సంవత్సరం ఎం.ఎస్సి. కెమిస్ట్రీ చదివే ఒక అమ్మాయి దరఖాస్తు పెట్టుకుంది. తండ్రి పట్టుచీరల దుకాణంలో లెక్కలు రాస్తారు. ఆ అమ్మాయి మామూలు ఫీజు సహాయంతో బాటు ప్రాజెక్టు పనికి విడిగా పన్నెండు వేల రూపాయలు అడిగింది. నీటిలో కలిసిన యాంటీబయాటిక్ మందుల్ని, వెలుగునిచ్చే కార్బన్ నానో కణాలతో కనిపెట్టడం ఆ ప్రాజెక్టు విషయం. నేను ఆ కాగితం అంచున పెన్సిలుతో "ఉపయోగం ఏమిటి? వచ్చే ఏడు చూద్దాం" అని రాశాను. కమిటీలో వయసుకు పెద్దవాణ్ణి గనుక మిగతావారు నా మాట కాదనలేదు. ఫీజు మంజూరైంది, పన్నెండు వేలు మంజూరు కాలేదు.

తర్వాత నెల రోజులకు ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. తగవుకు వచ్చిందేమో అనుకున్నాను. "తాతగారూ, చందాల డబ్బు లెక్కపెట్టేటప్పుడు నోట్లు చూసే దీపం మీ దగ్గరే ఉందట కదా. ఒక్క అరగంట చూసుకోనిస్తారా?" అంది. చేతిసంచిలో మూడు చిన్న గాజు సీసాలు తెచ్చుకుంది.

ఆ దీపం గురించి నాకు బాగానే తెలుసు. క్యాష్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో రోజూ వాడినదే. నోటును ఆ ఊదారంగు ట్యూబు కింద పెడితే నంబరు అంకెలు వెలుగుతాయి, కాగితంలో కలిసిన సన్నని పోగులు రంగుల్లో మెరుస్తాయి. మామూలు కాగితం మీద అచ్చేసిన దొంగ నోటైతే కాగితమంతా నీలంగా తెల్లగా వెలిగి దొరికిపోతుంది. కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మింగి, కంటికి కనబడే కాంతిగా తిరిగి ఇవ్వడం కొన్ని పదార్థాల గుణం. పుస్తకాల్లో దీన్ని ప్రతిదీప్తి అంటారు, కాలేజీ పిల్లలు ఫ్లోరెసెన్స్ అంటారు. ఆ పేరు పెట్టింది 1852లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త అని ఆ రోజే తెలిసింది. పేరు తెలియకుండానే ఇన్నేళ్ళూ జీతం తీసుకున్నాను.

గదిలో లైటు ఆర్పి మొదటి సీసా దీపం కింద పెట్టింది. పగటి వెలుతురులో పల్చటి టీ డికాక్షన్‌లా ఉన్న నీళ్ళు ఒక్కసారిగా నీలంగా వెలిగాయి. "ఇందులో ఏముందమ్మా?" అంటే, "బొగ్గు, తాతగారూ" అంది. బొగ్గు నిప్పంటుకుంటే కదా వెలగాలి! కాని కార్బన్‌ను పది నానోమీటర్ల కంటె చిన్న కణాలుగా చేస్తే దాని తీరే మారిపోతుందట. మన తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఒక్క వెంట్రుకకు అడ్డంగా ఈ కణాలు ఎనిమిది వేలు పేర్చవచ్చన్న మాట.

వీటిని కార్బన్ డాట్స్ అంటారు, మనం కార్బన్ చుక్కలు అనుకుందాం. ఇవి పనిగట్టుకుని వెతికితే దొరికినవి కావు. 2004లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో కార్బన్ నానో గొట్టాలను మసిలోంచి వేరుచేసి శుభ్రం చేస్తుంటే, పక్కకు పోయిన మురికిలో ఏదో వెలుగుతూ కనిపించింది. దాన్ని పారబోయకుండా ఇదేమిటా అని ఆగి చూశారు. 2006లో అదే రాష్ట్రంలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వారు కార్బన్ డాట్స్ అని పేరు పెట్టారు. 2007లో కొవ్వొత్తి మసి నుంచి కూడా చేసి చూపించారు. మన అమ్మమ్మలు ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టేవారు, దానికి దగ్గర బంధువే అనుకోండి. 2012లో మన ఒడిశాలోనే, రూర్కెలా ఎన్.ఐ.టి. వారు ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. వారితో కలిసి కమలారసాన్ని మూసిన పాత్రలో సుమారు 120 డిగ్రీల దగ్గర వేడిచేసి ఈ చుక్కలు తయారు చేశారు. కమలాపండు రసం నుంచి! ఈ సంగతి విన్న తర్వాత నాకు ఇది అమెరికావాళ్ళ విద్య అన్న భయం పోయింది.

మన అమ్మాయి వాడింది నిమ్మ ఉప్పు, యూరియా. రెండూ నీళ్ళలో కరిగించి, లోపల టెఫ్లాన్ గిన్నె ఉన్న ఉక్కు పాత్రలో బిగించి ఓవెన్లో గంటల తరబడి ఉంచాలి. విజిల్ లేని ప్రెషర్ కుక్కరు అనవచ్చు. విజిల్ లేదు గనుకే ఇంట్లో చేయరాదు, పిల్లలు గుర్తుంచుకోవాలి. ఇంతకీ ఈ చుక్కలు ఎందుకు వెలుగుతాయి? కణం చిన్నదవడం వల్లనా, దాని పైన అంటుకున్న నైట్రోజన్, ఆక్సిజన్ గుంపుల వల్లనా, తయారీలో పక్కనే పుట్టుకొచ్చే చిన్న చిన్న రంగు అణువుల వల్లనా అన్నది శాస్త్రవేత్తల మధ్య ఇంకా తేలలేదు. పెద్దవాళ్ళంతా తేల్చేశాక మనకేం మిగిలిందని నిరుత్సాహపడే విద్యార్థులకు ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతున్నాను.

రెండో సీసాలో అవే చుక్కలు, దానితో బాటు కొంచెం టెట్రాసైక్లిన్ కలిపింది. దీపం కింద పెడితే వెలుగు బాగా తగ్గిపోయింది. కారణం చాలా తేలిక. మా నోట్ల దీపం కాంతి సుమారు 365 నానోమీటర్ల తరంగ దైర్ఘ్యంది. టెట్రాసైక్లిన్ కూడా సరిగ్గా ఆ దరిదాపుల కాంతినే మింగుతుంది. దీపానికీ చుక్కకూ మధ్య గొడుగు పట్టుకుని నిలబడినట్టు, చుక్కకు అందవలసిన కాంతిని మందు ముందే కాజేస్తుంది. మందు ఎంత ఎక్కువైతే వెలుగు అంత తగ్గుతుంది. తెలిసిన మోతాదులు వేసి, వెలుగు ఎంత తగ్గిందో కొలిచి ఒక గీత గీసుకుంటే, తెలియని నీటిలో ఎంత ఉందో ఆ గీత చెబుతుంది. తూకం రాళ్ళు సరిచూసుకుని సరుకు తూచడం లాంటిదే. అన్ని మందులకూ ఈ గొడుగు పద్ధతే కాదు, కొన్ని మందులు చుక్కను తాకి దాని ఎలక్ట్రాన్‌ను లాక్కుని వెలుగు ఆర్పుతాయి.

ఈ టెట్రాసైక్లిన్ వంశంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో లోకానికి వెల్లడైంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో దాన్ని కనుగొన్నది డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. విశ్వవిద్యాలయంలో రిటైరై, డెబ్బై దాటాక అక్కడ చేరి మట్టి నమూనాల్లో వెతికి పట్టుకున్నాడు. అక్కడ పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అదే 1948 ఆగస్టులో పోయారు. తెలుగువాడి పెద్దరికంలో పుట్టిన మందు ఇప్పుడు నీళ్ళలో ఎక్కడెక్కడ తేలుతోందో తెలుగమ్మాయి వెతుకుతోంది.

మందు నీళ్ళలోకి ఎలా వస్తుందని అడుగుతారు. మనం మింగినదంతా ఒంట్లో కరిగిపోదు, కొంత మూత్రంలో పోతుంది. ఆస్పత్రి కాలువల నుంచి, కోళ్ళ ఫారాల నుంచి, చేపల చెరువుల నుంచి వస్తుంది. అన్నిటికంటె ఘోరం మందులు తయారయ్యే చోట. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. అది శుద్ధి అయిన తర్వాతి నీరు, గమనించండి. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోజుకు సుమారు 45 కిలోల మందు ఆ నీటితో పోతున్నదని, 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా కలిసి అయిదు రోజుల్లో వాడేది అంతేనని వారు లెక్క వేశారు. మన బంధువులు ఎంతోమంది ఆ ప్రాంతపు కంపెనీల్లో ఉద్యోగాలు చేసి పిల్లల్ని చదివించుకున్నారు, ఆ అన్నాన్ని నేను తప్పుపట్టడం లేదు. లెక్క మాత్రం లెక్కే.

నీళ్ళలో కాస్త మందు ఉంటే మంచిదేగా, క్రిములు చస్తాయిగా అని మా పక్కింటాయన అన్నాడు. తక్కువ మోతాదులో బలహీనమైనవి చస్తాయి, మందుకు లొంగనివి మిగిలి పెరుగుతాయి. అంతటితో ఆగదు. లొంగకుండా ఉండే ఆ విద్యను, జన్యువు రూపంలో, ఒక క్రిమి ఇంకో జాతి క్రిమికి కూడా చేబదులుగా ఇచ్చేస్తుంది. తిరిగి ఇవ్వనక్కర్లేని చేబదులు. 2019 ఒక్క సంవత్సరంలో మందులకు లొంగని క్రిముల వల్లే నేరుగా ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

మా ఇంట్లో ఇది 2018లోనే జరిగింది. మా ఆవిడకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి కల్చర్ రిపోర్టు తెచ్చాం. ఎడమ వైపు మందుల పేర్లు, కుడి వైపు ఒక్కొక్క అక్షరం. ఎస్ అంటే మందు పని చేస్తుంది, ఆర్ అంటే చేయదు. ఖాతా పుస్తకం చదివినట్టు పై నుంచి కిందకు చదివాను. ఆర్, ఆర్, ఆర్, ఆర్. చివర రెండు ఎస్‌లు కనిపించేసరికి ఊపిరి వచ్చింది. ఏడు రోజులు ఇంజక్షన్లు ఇచ్చారు, బాగుపడింది. ఆ ఆర్‌లలో మొదటిది సిప్రోఫ్లాక్సాసిన్. ఎన్నో ఏళ్ళుగా జ్వరమొచ్చినా, విరేచనాలైనా మందుల దుకాణంలో డాక్టరు చీటీ లేకుండా ఆ మాత్రలే మూడో నాలుగో కొనుక్కొచ్చి ఇంటిల్లిపాదికీ మింగించినవాణ్ణి నేనే. అంత జరిగినా, ఆ దరఖాస్తు మీద "ఉపయోగం ఏమిటి" అని రాసిన చెయ్యి కూడా నాదే.

ఇక మూడో సీసా. అందులో కార్బన్ చుక్కలు, మన ఊరి చెరువు నీళ్ళు. అదీ మసకగానే వెలిగింది. నేను కంగారుగా, "అయితే మన చెరువులో మందు ఉందన్న మాట!" అన్నాను. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "అలా చెప్పలేం తాతగారూ. అదే నా కష్టం" అంది.

నీటిలో ఇనుము ఉంటే అది కూడా ఈ చుక్కల వెలుగును ఆర్పుతుందట. ఆకులు కుళ్ళి నీటికి వచ్చే గోధుమ రంగు పదార్థం కూడా దీపం కాంతిని మింగుతుందట. నాకు వెంటనే అర్థమైంది. చెక్కు వెనక్కి వచ్చినంత మాత్రాన ఖాతాలో డబ్బు లేదనుకోగలమా? సంతకం తేడా కావచ్చు, తేదీ తప్పు కావచ్చు. అందుకే చెక్కుతో బాటు కారణం రాసిన చీటీ పంపుతారు. చెరువు నీటి సీసాతో అలాంటి చీటీ రాలేదు.

కారణం తేల్చుకునే దారులున్నాయి. ఇనుమును పట్టి ఉంచే రసాయనం ముందే కలపవచ్చు. అదే చెరువు నీటిలో తెలిసినంత మందు మనమే కలిపి, లెక్కలో అంతా తిరిగి కనబడుతుందో లేదో చూడవచ్చు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, వంద రూపాయలు జమ చేసి నిల్వ సరిగ్గా వంద పెరిగిందా అని చూసుకోవడం. యూరోపియం అనే లోహాన్ని చుక్కలతో జతచేస్తే టెట్రాసైక్లిన్ తగిలినప్పుడు నీలం తగ్గి ఎరుపు పుడుతుంది. ఉత్తినే మసకబారడం కంటె రంగు మారడం నమ్మదగిన సాక్ష్యం. కాగితపు పట్టీ మీద ఆ రంగు మార్పును ఫోను కెమెరాతో చూసే పద్ధతులు కూడా వచ్చాయి. ఇవన్నీ చేశాక కూడా చివరి మాట ద్రవ క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ కలిసిన పెద్ద యంత్రానిదే. అది కోటి రూపాయలకు పైబడిన యంత్రం, ఊరూరా ఉండదు. బయటి ప్రయోగశాలకు నమూనాలు పంపి రుసుము కట్టాలి.

ఆ పన్నెండు వేలు అందుకోసం అడిగినవి.

నమూనాలు ఫ్రిజ్‌లో ఉండగా ప్రాజెక్టు గడువు అయిపోయింది. స్వేదనజలంతో చేసినవి మాత్రం చూపించి చెరువు సంగతి ఎత్తకపోతే మార్కులు బాగా వస్తాయని ఎవరో సీనియర్లు సలహా ఇచ్చారట. ఈ పిల్ల వినలేదు. తన ప్రాజెక్టు పుస్తకం నాకు చూపించింది. చివరి పట్టికలో చెరువు నీటి వరుస ఉంది, పేరు ఉంది, తేదీ ఉంది, వెలుగు తగ్గిన కొలత ఉంది. "యంత్ర పరీక్షతో నిర్ధారణ" అన్న గడి ఖాళీగా ఉంది. కింద, నిర్ధారణ కానందున చెరువు నీటిలో మందు ఉన్నదని గాని లేదని గాని చెప్పలేము అని రాసింది. ముప్పై నాలుగేళ్ళలో నేను సంతకం పెట్టిన ఏ రిజిస్టరులోనూ ఖాళీ గడి ఉంచలేదు. ఆ గడి ఖాళీ నావల్ల.

ఈ చుక్కలు ఏమి చేయగలవో ఎక్కువ చేసి చెప్పకూడదు. లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము అంటే వంద కోట్లలో ఒక్క రూపాయి తేడా పట్టుకోవడం. ప్రయోగశాలలో మంచి చుక్కలు ఆ దగ్గరకు చేరుతున్నాయి. కాని మామూలు నదుల్లో మందు తరచుగా నానోగ్రాముల్లో ఉంటుంది, అంటే లక్ష కోట్లలో ఒక రూపాయి. అంత లోతుకు చాలా చుక్కలు దిగలేవు. అందుకని నాకు అర్థమైనంతలో వీటి చోటు నది ఒడ్డున కాదు, కంపెనీ కాలువ దగ్గర, ఆస్పత్రి మురుగు దగ్గర, పాల కేంద్రం దగ్గర. పాలలో టెట్రాసైక్లిన్ కిలోకు 100 మైక్రోగ్రాములు దాటరాదని నియమం ఉంది. అక్కడ చౌకగా, అప్పటికప్పుడు అనుమానితుల్ని ఏరి, వాటిని మాత్రమే పెద్ద యంత్రానికి పంపవచ్చు. మా కౌంటర్ దీపం కూడా అంతే చేసేది, తుది తీర్పు పై ఆఫీసుదే.

పాలకు నియమం ఉన్నది, కంపెనీ కాలువకు? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల కంపెనీల వ్యర్థజలంలో యాంటీబయాటిక్స్ ఎంతకు మించరాదో ముసాయిదా ప్రకటించింది. 2021లో వచ్చిన తుది ప్రకటనలో ఆ హద్దులు లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ తయారీ వ్యర్థాలపై మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. రిజిస్టరులో గడి గీయకపోతే దాన్ని ఎవరూ నింపరు, ఇది గుమాస్తాగా నాకు బాగా తెలిసిన సంగతి. పరీక్ష చౌకైతే, ఖర్చు ఎక్కువ గనుక హద్దు పెట్టలేదని చెప్పే వీలు కొంత తగ్గుతుంది.

తల్లిదండ్రులు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఇది చదివితే అన్నం పెడుతుందా? మా రోజుల్లో నేనూ సైన్సు పిల్లల్ని బ్యాంకు పరీక్షలు రాయమని పంపినవాణ్ణే. బి.ఎస్సి. తర్వాత జామ్ పరీక్ష రాస్తే ఐ.ఐ.టి.ల్లో ఎం.ఎస్సి. చేరవచ్చు. ఎం.ఎస్సి. వాళ్ళు సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె విడిగా. ఈ డబ్బు కొన్ని చోట్ల నెలల తరబడి ఆలస్యమవుతుంది, అదీ తెలుసుకుని దిగండి. పిల్ల అయిదేళ్ళు చదువుతుందంటే పెళ్ళి సంగతేమిటని అడిగేవారికి నా దగ్గర సమాధానం లేదు. వాళ్ళ అమ్మ దగ్గర ఉంది, ఆవిడ నాతో గట్టిగానే చెప్పింది.

కమిటీకి నేనొక కాగితం ఇచ్చాను. ఫీజులతో బాటు ప్రాజెక్టు పరీక్షల ఖర్చుకు ఏటా కొంత సొమ్ము విడిగా ఉంచాలని, అలాంటి దరఖాస్తుల మీద నాలాంటివాళ్ళు కాక ఆ సబ్జెక్టు చదివిన ఒక లెక్చరరు అభిప్రాయం రాయాలని అందులో కోరాను. అధ్యక్షుల వారు వచ్చే సమావేశంలో పెడతామన్నారు. ఎండలు ముదిరి చెరువు ఇంకక ముందే పెడితే బాగుంటుంది, మళ్ళీ నమూనాలు తీయాలట.

ఆ మూడు సీసాలు, మా నోట్ల దీపం ఇక్కడ బల్ల మీదే ఉన్నాయి. ఆ అమ్మాయి వెనక వరుసలో వాళ్ళ నాన్నగారి పక్కన కూర్చుంది. టీ తాగాక లైట్లు ఆర్పి చూపిస్తుంది. కెమిస్ట్రీ ప్రశ్నలు ఆమెను అడగండి, వడ్డీ లెక్కలైతే నన్ను అడగండి.